తోడుకున్న మందు

పైడిరాజు పొద్దున్నే మందు కలుపుకునే చప్పుడు కౌముది వంటింట్లోంచి వింటూ ఉండేది. సగం గ్లాసు నీళ్ళలో తెల్లని పొడి వేసి, చెంచాతో తిప్పుతూ మధ్యమధ్య గ్లాసు పక్కన టక్కు టక్కుమని కొట్టడం అతని అలవాటు. పొడి పడగానే గ్లాసు మోత బొంగురుపోయేది. పొడిలో చిక్కుకున్న గాలి బుడగలై నీళ్ళంతా పరుచుకోవడం వల్ల అలా అవుతుందని ఆమెకు తెలుసు. పొడి కరిగి బుడగలు పైకి తేలిపోయేకొద్దీ మోత సన్నబడుతూ వచ్చి, చివరికి ఖంగుమనేది. అప్పుడతను గటగటా తాగేసి, "అయింది" అనేవాడు. ఆ మాట వినేదాకా ఆమె పొయ్యి దగ్గర్నుంచి కదిలేది కాదు.

ఆ మందు పేరు సడలిన్. పైడిరాజుకు తండ్రి నుంచి వచ్చిన జబ్బుకి అదొక్కటే మందు. బిగించిన పిడికిలి తిరిగి విప్పలేకపోవడంతో ఆ జబ్బు మొదలవుతుంది. ఆ తర్వాత మోచెయ్యి, మెడ, దవడ బిగుసుకుంటాయి. చాలాకాలం బిగుసుకున్న కండరం ఇక ఎన్నటికీ వదలదు. అతని తండ్రి కాలానికి మందు లేదు. మనిషి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గడ్డకట్టి పోయాడు. పైడిరాజు కౌముదికి మేనత్త కొడుకు. చిన్నప్పుడు ఆ మావయ్య పళ్ళ సందుల్లోంచి గంజి పట్టించినవాళ్ళలో ఆమె కూడా ఉంది. తర్వాత ఎన్నో ఏళ్ళకు, హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేరిన పైడిరాజు ఒకరోజు పిల్లల ముందు బోర్డు మీద బొమ్మ గీస్తూ సుద్దముక్కని వదల్లేకపోయాడని తెలిసినప్పుడు, అతనికేం వచ్చిందో అందరికంటే ముందు ఆమెకే అర్థమయింది. అప్పటికి ఆమె రసాయన శాస్త్రం చదువుతోంది. ఆ సంబంధం వద్దని ఇంట్లో ఎవరెంత చెప్పినా వినకుండా అతన్నే పెళ్ళి చేసుకుంది. చదువవగానే విశాఖపట్నానికి దక్షిణాన సముద్రం ఒడ్డున సడలిన్ తయారుచేసే పరిశోధనశాలలో చేరింది.

అక్కడ ఆమె పని మందుని ద్రవంలోంచి పొడిగా దించడం. పెద్ద గాజు పాత్రల్లో మందు ద్రావణాన్ని మెల్లగా చల్లారబెడితే అడుగున తెల్లగా, దూదిపింజల్లాంటి పొడి చేరేది. అరచేతిలో వేసుకుంటే బరువే తెలిసేది కాదు. నీళ్ళని చూడగానే కరిగిపోయేది.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఒక పాత్ర మూత తీసేసరికి అడుగున దూది లేదు. పటికబెల్లం పలుకుల్లాంటి గింజలు మిలమిల మెరుస్తున్నాయి. విభాగమంతా చుట్టూ మూగింది. ఎప్పుడూ గంభీరంగా ఉండే పెద్దాయన జోగారావుగారు కూడా ఫోను తీసి ఫొటోలు తీసుకున్నారు. ఏదో కల్తీ కలిసి ఉంటుందనుకుని కౌముది కొన్ని గింజలు కల్వంలో వేసి మెత్తగా నూరింది. సూక్ష్మదర్శినిలో చూడబోతే కళ్ళద్దాలకి ఆవిరి పడుతోందని మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. గొంతులో కాస్త గరగరలాడితే మంచినీళ్ళు తాగి మళ్ళీ పనిలో పడింది.

కల్తీ ఏమీ లేదు. అది అచ్చంగా సడలినే. కాకపోతే అణువులు ఇదివరకటిలా వదులుగా పేర్చుకోకుండా, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కొత్త తీరులో సర్దుకున్నాయి. ఆ నూరిన పొడిని నీళ్ళలో వేస్తే ఇసకలా అడుక్కి పోయి కూర్చుంది. తిప్పినా, వేడి చేసినా కరగలేదు. కౌముది గాజుకడ్డీతో గ్లాసుని కొట్టి చూసింది. ఉత్త నీళ్ళ చప్పుడు.

మర్నాడు పక్క పాత్రలో కూడా గింజలే దిగాయి. ఆ పై రోజు మరో రెండింట్లో. పాత్రల్ని ఆమ్లంతో కడిగారు, ఆవిరి పట్టారు, చివరికి పగలగొట్టి కొత్తవి తెప్పించారు. కొత్తవాటిలోనూ గింజలే. అందరినీ కూర్చోబెట్టి జోగారావుగారు చెప్పిన మాట చిన్నది.

"కాచిన పాలలో పెరుగు తోడు పడ్డట్టు జరిగింది. అణువులకి ఈ గట్టి తీరు హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ దారి తెలీక అందులోకి పోలేదు. ఇప్పుడొక్క రేణువు తగిల్తే చాలు, దాన్ని చూసి మిగతావన్నీ అలాగే సర్దుకుంటున్నాయి. ఆ రేణువు మన బట్టల్లో ఉంది, జుట్టులో ఉంది, ఈ గదుల్లో గాల్లో ఉంది. ఇక ఇక్కడ పాత పొడి పుట్టదు."

ఆ గింజకి అప్పట్నుంచీ అందరూ 'తోడు' అనే పేరే పెట్టుకున్నారు.

దేశం మొత్తం మీద ఆ మందు మీద బతుకుతున్నవాళ్ళు కొద్దిమందే అయినా, వాళ్ళకి వేరే దిక్కు లేదు. దాంతో పార్వతీపురం దగ్గర కొండల అంచున ఒక కొత్త షెడ్డు వేసి, ఈ పరిశోధనశాల గడప ఎన్నడూ తొక్కనివాళ్ళని పనిలోకి తీసుకున్నారు. ఇక్కడి మనిషి కాదు కదా, కాగితం ముక్క కూడా అక్కడికి పోకూడదు. పొడి దించే పద్ధతంతా కౌముదే ఫోను తెర మీద నేర్పింది. ఏ వేడి దగ్గర కలపడం ఆపాలో, పాత్ర గోడ మీద మొదటి మసక ఎలా కనిపిస్తుందో వాళ్ళ కళ్ళతో తాను చూస్తూ, తన మాటతో వాళ్ళ చేతులు నడిపిస్తూ వారాల తరబడి కూర్చుంది. చివరికొకనాడు అక్కడి పిల్ల ఒకతి పాత్ర మూత తీసి తెర ముందుకి వంచింది. లోపల దూదిపింజల్లాంటి పొడి. రెండుచోట్లా చప్పట్లు కొట్టారు. కౌముది మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ మర్నాడే ఇంట్లో గ్లాసు మోత మారింది.

పొడి వేసిన తర్వాత బొంగురుపోవలసిన గ్లాసు పోలేదు. కౌముది వంటింట్లోంచి పరుగున వచ్చి, నోటి దగ్గర పెట్టుకున్న గ్లాసుని అతని చేతిలోంచి లాక్కుంది. అడుగున ఇసక. డబ్బాలో ఉన్న పొడంతా పలుకులు కట్టి ఉంది. తాను రోజూ పరిశోధనశాలలోనే తలంటుకుని, బట్టలు మార్చుకుని వస్తున్నా తోడు ఇంటిదాకా వచ్చిందన్నమాట. ఆమె ఆ డబ్బా పారేయించి, ఇల్లంతా కడిగించి, కొండల షెడ్డు నుంచి మూత విప్పని కొత్త డబ్బా తెప్పించింది. ఈసారి గ్లాసు బొంగురుపోయి, సన్నబడి, ఖంగుమంది. పైడిరాజు "అయింది" అన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఇడ్లీలు తిన్నారు. ఆమె స్కూల్లో బొమ్మల పోటీ సంగతి అడిగింది. అతను ఆరో తరగతి పిల్లాడొకడు గీసిన ఏనుగు గురించి చెప్పి నవ్వించాడు.

సాయంత్రానికి అతని దవడ బిగుసుకుపోయింది.

ఆసుపత్రిలో కడుపు కడిగితే బయటికి వచ్చిన నీళ్ళలో మెరిసే పలుకులు ఉన్నాయి. పొడి గ్లాసులో చక్కగా కరిగింది. ఒంటికి పట్టేలోపలే కడుపులో తోడుకుంది. ఆ తోడు కడుపులోకి ఎలా వెళ్ళిందో డాక్టరుకి అంతుపట్టలేదు. కౌముదికి మాత్రం ఎదురుగా కూర్చుని కబుర్లాడుతూ తిన్న ఇడ్లీలు గుర్తొచ్చాయి. తోడు తన ఊపిరిలోనే ఉందేమోనన్న అనుమానం జోగారావుగారితో చెప్పింది.

ఆయన పరిశోధనశాలకి దూరంగా ఒక గదిలో, కొండల షెడ్డులోనే నింపి మూత బిగించి పంపిన గాజు గ్లాసులు వరసగా పెట్టించారు. వాటిలోని చిక్కటి సడలిన్ ద్రావణం నీళ్ళంత తేటగా ఉంది. పనివాళ్ళంతా తలంటు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి, ఒక్కొక్కరూ గాజుగొట్టం లోంచి ఒక్కో గ్లాసులోకి ఊపిరి ఊదారు. అందరి గ్లాసులూ తేటగానే నిలిచాయి. కౌముది ఊదిన గ్లాసులో గొట్టం కొస దగ్గర ముందు ఒక తెల్లని పోగు పుట్టింది. అది దారంలా కిందికి దిగుతూ, కొమ్మలు వేస్తూ పోయింది. చూస్తూ ఉండగానే గ్లాసంతా మసకబారి, అడుగున పలుకులు రాలాయి. ఆమె ఇంకో గ్లాసు అడిగింది. అందులోనూ అదే జరిగింది.

"ఆ రోజు కల్వంలో నూరింది నువ్వే కదమ్మా," అన్నారు జోగారావుగారు మెల్లగా. "ఊపిరితిత్తుల్లో దిగి కూర్చున్నట్టుంది."

తమ్ముణ్ణి తన ఊరికి తీసుకుపోవడానికి పైడిరాజు అక్క సింహాచలం వచ్చింది. ఆమె పైడిరాజు కంటే పదేళ్ళు పెద్దది. పార్వతీపురం అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. ఆసుపత్రి నుంచి అతన్ని నేరుగా కారెక్కించారు. కౌముది రెండో అంతస్తు వరండాలో నిలబడి చూసింది. కిందికి దిగడానికి వీల్లేదు. అతను కారు పక్కన నిలబడి పైకి చూశాడు. దవడ ఇంకా పూర్తిగా వదలకపోవడం వల్ల ఏమీ అనలేకపోయాడు. సింహాచలమే తలెత్తి మాట్లాడింది.

"నువ్వు గాబరా పడకమ్మా. నాను సూసుకుంటాను. నీ దగ్గరకి మళ్ళీ పంపిస్తాను గానీ, ఎప్పుడో మటుకు నన్నడక్కు."

కడుపు శుభ్రపడ్డాక పల్లెలో మందు మళ్ళీ పనిచేసింది. అతని చేతులు వదిలాయి. దగ్గర్లోని స్కూలుకి బదిలీ చేయించుకున్నాడు. పొద్దున్నే మందు కలుపుకునేటప్పుడు ఫోను గ్లాసు పక్కన పెట్టేవాడు. ఆమె ఇక్కడ వింటూ ఉండేది. ఆ తర్వాత ఇద్దరూ తమతమ పనులకి పోయేవాళ్ళు.

ఒకరోజు అతను షెడ్డు దాకా నడిచివెళ్ళి బయటి నుంచే చూసొచ్చాడు. కిటికీలోంచి పాత్రలు కనిపించాయని, పక్కనే జీడితోట ఉందని, పొడి దించే పిల్లలు పాత్ర చల్లారుతున్నంతసేపూ "అమ్మగారు ఇప్పుడు కలపడం ఆపమనీవారు" అని ఆమెని తలుచుకుంటున్నారని చెప్పాడు. కౌముది ఆ షెడ్డు నేల ఏ రంగుదో అడిగింది. గచ్చు నేలేనన్నాడు. తాను మాటలతో కట్టిన చోటులోకి తాను ఎన్నడూ అడుగు పెట్టకూడదన్నది ఆ రోజు ఆమెకి మరీ గట్టిగా తగిలింది.

చూసుకోవాలనిపిస్తే భీమిలి వెళ్ళేవాళ్ళు. ఆ ఆలోచన పైడిరాజుదే. పగలు గాలి సముద్రం మీంచి నేల మీదకి వీస్తుంది. అందుకని అతను నీళ్ళ అంచున నిలబడేవాడు. ఆమె చాలా దూరంలో సరుగుడు చెట్ల దగ్గర నిలబడేది. ఆమె ఊపిరి ఎటుపోయినా వెనక్కి, ఊరివైపుకే పోతుంది. ఇద్దరూ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. అతను పెద్ద చార్టుల మీద బొగ్గుతో బొమ్మలు గీసి తెచ్చి, అంత దూరానికి కనిపించేలా రెండు చేతులతో ఎత్తి పట్టుకునేవాడు. సింహాచలం దూడని తోలుకొస్తున్నట్టు ఒకటి, స్కూల్లో పిల్లలు వరసలో నిలబడ్డట్టు ఒకటి, జీడితోట ఒకటి. గాలికి చార్టు తెరచాపలా ఉబ్బిపోతుంటే ఆమె నవ్వేది. పొద్దు వాలేసరికి గాలి పడిపోతుంది. ఇక కాసేపట్లో అది నేలవైపు నుంచి మళ్ళుతుంది. చెట్ల ఆకులు ఆడడం మానగానే ఆమె ఇక వెళ్ళమని చెప్పేది. అతను ఇంకాస్సేపు ఉంటానని పట్టుబట్టేవాడు. ఆమె ఫోను పెట్టేసి, చెట్ల మధ్యలోంచి వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయేది. చూస్తే ఆగిపోతానని ఆమె భయం.

పరిశోధనశాలలో ఆమెకిప్పుడు ఒక్కటే పని. ఆ గట్టి రేణువు ఏ ద్రవంలో కరుగుతుందో వెతకడం. కరిగించే ద్రవాలు ఉన్నాయి. కానీ వాటి ఆవిరి పీలిస్తే మనిషి బతకడు. చివరికామె ద్రవాలు వెతకడం మాని, ఒంట్లో ఉండే తడిలాంటి నీటిలో రేణువులు వేసి, దాన్ని ఒంటి వేడి దగ్గరే ఉంచి, నెలనెలా వాటి అంచులు కొలవసాగింది. కొన్నాళ్ళకి జోగారావుగారిని పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించింది. పలుకు మూలలు కాస్త గుండ్రబడ్డాయి.

"కరుగుతోంది సార్," అంది.

"ఎంతకాలం పడుతుంది?"

"రేణువుని బట్టి. సన్నవి ముందు పోతాయి. లావువి..." అని ఆగిపోయింది. "ఏళ్ళు పడుతుంది."

కొద్దిగా ఉప్పు కలిపిన నీటి పొగమంచు పీలిస్తే ఊపిరితిత్తుల తడి పెరిగి, ఆ పని కాస్త ముందు జరుగుతుందని ఇద్దరూ లెక్క వేశారు. ఆ రోజు నుంచి ఆమె పొద్దునా సాయంత్రం ఆ యంత్రం ముందు కూర్చుని పీల్చేది. దగ్గుతో పక్కటెముకలు నొప్పి పుట్టేవి. తర్వాత ఊపిరి లోపలి మూలలదాకా పోవాలని వెనకాల ఉన్న కొండ ఎక్కి దిగేది. ప్రతి నెలా గాజుగొట్టం లోంచి గ్లాసులోకి ఊదేది. ప్రతి నెలా తెల్లని పోగు దిగేది.

అలా ఒక ఏడాది పైన గడిచాక, మధ్యాహ్నం పూట ఎవరో తలుపు తట్టారు. ఆమె కిటికీలోంచి చూసింది. గుమ్మం ముందు పైడిరాజు నిలబడి ఉన్నాడు. భుజాలు పైకి లాగేసి ఉన్నాయి. రెండు చేతులూ పిడికిళ్ళు పడి ఉన్నాయి.

"మందు మానేసి మూడు రోజులైంది," అన్నాడు తలుపు అవతల నుంచి. మాట ముద్దగా వస్తోంది. "నా కడుపులో ఇప్పుడు తోడుకోవడానికేం లేదు. తలుపు తియ్యి."

ఆమె వెనక్కి వెళ్ళిపొమ్మంది. కారు పిలుస్తానంది. ఇవాళే మందు మొదలుపెడితే ఏమీ కాదని, ఇంకా ఆలస్యం చేస్తే బిగుసుకున్నవి వదలవని, ఆ సంగతి తనకంటే అతనికే బాగా తెలుసని చెప్పింది.

"తెలుసు," అన్నాడు. "బస్సు దిగి ఇక్కడిదాకా రావడానికే ఎంతసేపు పట్టిందో కూడా తెలుసు. ఇప్పుడు తిరిగి నడవలేను కౌముదీ."

ఆమె తలుపు తీసింది.

అతను రెండు రోజులు ఉన్నాడు. ఆమె అన్నం కలిపి తినిపించింది. చేతులకి గోరువెచ్చని నువ్వులనూనె రాసి, ఒక్కొక్క వేలూ విప్పడానికి చూసింది. అవి కాస్త వదిలినట్టే వదిలి మళ్ళీ ముడుచుకునేవి. ఏం మాట్లాడుకున్నారని తర్వాత ఎవరైనా అడిగితే ఆమెకి చెప్పుకోదగ్గది ఒక్కటీ గుర్తుకురాదు. వంకాయ కూరలో కారం ఎక్కువైందన్నాడు. కిటికీ పరదా రంగు బాగోలేదన్నాడు. ఆమె గడ్డం గీస్తే చెంప మీద చిన్న గాటు పడింది. పగలంతా ఎండ గుమ్మంలోంచి లోపలికి జరుగుతూ వస్తుంటే, అతను ఆమె భుజం మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఆమె ఊపిరి దాచుకోకుండా, లెక్కపెట్టుకోకుండా, అతని మొహం మీదే పీలుస్తూ వదులుతూ కూర్చుంది. బాగా ఏడవాలనిపించింది కానీ, ఆ కాస్త సమయం ఏడుపుకి పోతుందని ఊరుకుంది.

రెండో రోజు సాయంత్రం అతను నీళ్ళు మింగలేకపోయాడు. ఆమె సింహాచలానికి ఫోను చేసింది.

పల్లెకి చేరాక కూడా వెంటనే మందు ఇవ్వడానికి లేదు. కడుపులోని తోడంతా పోయేదాకా ఆగాలి. ఆ ఆగిన రోజుల్లో సింహాచలం అతనికి సన్నని గొట్టంతో గంజి పట్టిస్తూ పక్కనే కూర్చుంది. తర్వాత మందు పనిచేసింది. మెడ వదిలింది, దవడ వదిలింది, ఎడమ చెయ్యి పూర్తిగా వదిలింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మాత్రం అరచేతిలోకి ముడుచుకునే ఉండిపోయాయి. అవి ఇక విప్పుకోవని డాక్టరు చెప్పాడు.

ఆ మాట సింహాచలమే ఫోను చేసి చెప్పింది. తిడుతుందని కౌముది ఎదురుచూసింది. ఆమె తిట్టలేదు. "వొద్దని సెప్పినాను. గుమ్మానికి అడ్డంగా కూకున్నాను. నన్ను దాటి ఎలిపోనాడు. అంత ఆశ పెట్టుకున్నోణ్ణి ఏటంటాం," అంది.

తర్వాత భీమిలిలో కలుసుకున్నప్పుడు అతను చార్టు ఎత్తి పట్టుకున్నాడు. ఇదివరకటిలా గట్టిగా పట్టుకోలేక, ఒక మూల గాలికి జారిపోతోంది. మిగిలిన మూడు వేళ్ళతో బొగ్గు పట్టుకోవడం నేర్చుకున్నానని, గీత కాస్త లావవుతోంది గానీ అదే బాగుందని పిల్లలంటున్నారని ఫోనులో చెప్పాడు. కౌముది ఆ బొమ్మ ఏమిటో చూడలేదు. ఆ చేతినే చూసింది.

"ఇంకోసారి వస్తే తలుపు తియ్యను బావా."

"తీస్తావు."

"తీస్తాను," అంది. "అందుకే రావద్దు."

అతను చార్టు దించి, అలల వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ ఇటు తిరిగి, సరేనన్నట్టు తల ఊపాడు. ఆ దూరం నుంచి కూడా ఆమెకి అది స్పష్టంగా కనిపించింది.

అతను మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత సంవత్సరాలు గడిచాయి. జోగారావుగారు ఉద్యోగ విరమణ చేశారు, అయినా ప్రతి నెలా ఆమె గ్లాసులోకి ఊదే రోజున మాత్రం వచ్చి పక్కన నిలబడేవారు. ఆమె కనపడనంత సన్నగా నూరిన ఆ కాస్త పొడి లోపల ఏ మూలనో తడిలో నానుతూ, అణువు అణువుగా విడిపోతూ ఉంటుందని ఆమె అనుకునేది. తాను నిద్రపోతున్నా, అన్నం తింటున్నా, కొండ ఎక్కుతున్నా ఆ పని ఆగదు. ఎవరూ తొందరపెట్టలేరు. ఆ ఆలోచనతోనే ఆమె రోజులు నెట్టుకొచ్చింది. కొన్నిసార్లు దానిమీదే కోపమొచ్చి యంత్రాన్ని విసిరికొట్టబోయిన రోజులూ ఉన్నాయి. అతనికి జ్వరమొచ్చిన రోజు, అక్క కూతురి పెళ్ళిలో అతను పట్టుపంచె కట్టుకున్న ఫొటో చూసిన రోజు, అటువంటి రోజులు.

గ్లాసులో దిగే పోగు మొదట సన్నబడింది. తర్వాత ఊదిన వెంటనే కాక, చాలాసేపటికి పుట్టడం మొదలుపెట్టింది. ఒక వేసవిలో ఆమె ఊదిన గ్లాసు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తేటగా ఉంది. జోగారావుగారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశారు. ఆమె నమ్మలేదు. మర్నాడు పొద్దున్న చూస్తే అడుగున ఒకే ఒక్క పలుకు మెరుస్తూ కనిపించింది. ఆమె వెళ్ళి పొగమంచు యంత్రం ముందు కూర్చుంది.

మరుసటి ఏడు గ్లాసు తేటగా నిలిచింది. రాత్రి గడిచింది, వారం గడిచింది, తేటగానే ఉంది. పై నెలా అంతే. ఆమె ఇంకా ఆగింది. పైడిరాజుకి చెప్పలేదు. చెబితే అతను ఆగడని ఆమెకి తెలుసు. నెలలు గడుస్తున్నా గ్లాసు మారకపోయాక, ఇక చాలు వెళ్ళమని జోగారావుగారే చెప్పారు. ఇంట్లో వస్తువు ఒక్కటీ వెంట తీసుకోకుండా, దారిలో కొన్న కొత్త చీర కట్టుకుని ఆమె బయల్దేరింది.

పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. సింహాచలం పెరట్లో మినుములు చెరుగుతోంది. కౌముదిని చూసి చేట కింద పెట్టింది. ఎంత ముసలిదైపోయిందో అని ఒకరి గురించి ఒకరు అనుకున్నారు. వదిన చెంబుతో నీళ్ళిచ్చి, "వాడు అరుగు మీదున్నాడు," అని మాత్రం చెప్పి, తాను పెరట్లోనే ఉండిపోయింది.

అతను అరుగు మీద కూర్చుని పిల్లల బొమ్మలు దిద్దుతున్నాడు. తలెత్తి చూశాడు. జుట్టు చాలావరకు నెరిసింది. లేవబోయి, కాగితాలు జారిపోతుంటే పట్టుకోబోయి, ఆ రెండూ చెయ్యలేక అలాగే ఉండిపోయాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి, అలవాటు కొద్దీ మొహం పక్కకి తిప్పుకుని, ఎన్ని నెలలుగా గ్లాసు తేటగా ఉందో చెప్పింది. అతను విన్నాడు.

"పొద్దున్నే మందు తాగాను," అన్నాడు. "నువ్వు రాకముందే."

"సాయంత్రందాకా చూద్దాం. అప్పటికి చేతులు బాగుంటే..."

"చూద్దాంలే. ముందు కూర్చో."

ఆమె అరుగు ఆ చివర కూర్చుంది. వీధివైపు తిరిగి, అతని వైపు గాలి పోకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధిలో ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు. అతను కాగితాల మీద పలక బరువు పెట్టి, లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె జరగబోయింది. అతను మూడు వేళ్ళతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు గట్టిగా, కొత్తగా ఉంది. ముడుచుకున్న రెండు వేళ్ళ కణుపులు ఆమె అరచేతికి గుచ్చుకున్నాయి.

"ఇటు తిరుగు," అన్నాడు.

తిరిగింది. ఇంత దగ్గరగా చూసేసరికి ఆమెకి అతని చెంప మీద ఎప్పటిదో గాటు మచ్చ, కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు కనిపించాయి. ఆమె పెదాలు బిగించుకునే ఉంది. ఛాతీ నిండిపోయి నొప్పి పుడుతోంది. తాను ఊపిరి బిగబట్టానన్న సంగతి ఆమెకే తెలియలేదు. అతనికి తెలిసింది.

"వదులు," అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను ఆమె చెయ్యి వదల్లేదు. దగ్గరగా వంగి, అలాగే ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఇక ఆపుకోలేక ఆమె ఊపిరి వదిలింది. ఆ గాలికి అతని నుదుటి మీద నెరిసిన జుట్టు కదిలింది. అతను కళ్ళు మూసుకుని, ఆ గాలిని లోపలిదాకా పీల్చుకున్నాడు.